ఒక్కసారే అడిగే మనిషి

నాకు భయం వేస్తే ముందు చేతులు చల్లబడతాయి. గుండెదడ, చెమటలు అన్నీ ఆ తర్వాత. మొన్న డాక్టరు నా రిపోర్టు కాగితం విప్పుతుంటే మా కోడలు నా చేయి పట్టుకుని, "అత్తమ్మా, ఐసుగడ్డ లెక్క ఉన్నయి గద మీ చేతులు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇరవై మూడేళ్ల వయసులో దాదాపు ఎనిమిది నెలల పాటు ఈ చేతులు ఇలాగే ఉన్నాయని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఈ వయసులోనూ రాలేదు.

అప్పుడు నేను మెదక్‌లో పంచాయతీ సమితి ఆఫీసు కింద గ్రామసేవికగా పనిచేసేదాన్ని. ఊళ్లు తిరగడం, ఆడవాళ్లను కూర్చోబెట్టి పిల్లల తిండి గురించి, కాచిన నీళ్ల గురించి చెప్పడం నా పని. అవి వరసగా వానలు మొహం చాటేసిన రోజులు. కాచి తాగండి అని చెప్పడానికి వెళ్తే, "ముందుగాల నీళ్లు జూపెట్టు, కాసుడు తర్వాత జూద్దం" అని మొహం మీదే అనేవాళ్లు. నాకు కోపం వచ్చేది, కానీ వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఏడాదే మా సమితికి పరాయి దేశం నుంచి ఒక బోరు మిషను, దానితో పాటు ఒక మనిషి వచ్చారు.

ఆయనది డెన్మార్క్. ఆ పేరు నేను బడిలో చదివానో లేదో కూడా గుర్తు లేదు. ఇరవై ఏడేళ్లు ఉంటాయి. ఎండకు మెడ ఎర్రగా కాలిపోయి, గోళ్లలో గ్రీజుతో, లారీ మీద నుంచి దూకుతూ కనిపించేవాడు. ఊళ్లలో అందరూ బోరింగు సారు అనేవారు. మాతో సగం ఇంగ్లిష్, సగం మా ఊరి తెలుగు మాట్లాడేవాడు. ఆ తెలుగు ఆయనకు గాజుల ఖాలా నేర్పింది. ఖాలా అంటే మా వీధి చివర ఉండే ముసలామె. భర్త పోయాక నెత్తిన గంప పెట్టుకుని ఇంటింటికీ గాజులు అమ్మేది. ఆమె ఇంటి మీది గదిలో ఆయన కిరాయికి ఉండేవాడు. మెదక్‌లో ఆమె అడుగు పెట్టని ఇల్లు లేదు, పట్టుకోని ఆడచేయి లేదు.

నాకు ఆయన కళ్లు నచ్చలేదు, పిల్లి కళ్లు. జుట్టు అసలే నచ్చలేదు. నచ్చింది ఒక్కటే. ఏ ఊరికి వెళ్లినా మగవాళ్లు వచ్చి పెద్దమనుషుల ఇంటి ముందు చోటు చూపించేవారు. ఆయన అంతా విని, నా వైపు తిరిగి, "ఆడవాళ్లు ఎక్కడ కావాలంటున్నారు?" అని అడిగేవాడు. నేను వాళ్లను అడిగి వచ్చి చెప్పేదాన్ని. రాతి పొర చూసుకుని, కుదిరితే అక్కడే వేసేవాడు. ఎల్దుర్తి దగ్గర ఒక ఊళ్లో ఇందుకోసం సర్పంచుతో గంటసేపు పోట్లాడాడు. నేను చెప్పిన మాట మీద ఒక మగవాడు ఇంకో మగవాడితో పోట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆయనతో నా మొదటి గొడవ చాయ్ దగ్గర జరిగింది. శంకరంపేట రోడ్డు మీద హోటల్లో జీపు ఆపి, "చాయ్ తాగుతరా?" అని అడిగాడు. పొద్దున ఆరింటికి ఇల్లు వదిలాను, నాలుక పిడచకట్టి ఉంది. "వద్దండీ" అన్నాను. ఎవరైనా అదే అంటారు కదా. ఆయన తలూపి ఒక్కటే చాయ్ చెప్పి, నా ఎదురుగా నిలబడి, ఊదుకుంటూ ఊదుకుంటూ మొత్తం తాగేశాడు. నేను మళ్లీ అడుగుతాడని గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూశాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ, "ఏం మనిషే వాడు? ఇంకోపారి అడిగితే నోట్ల ముత్యాలు రాల్తయా?" అని తిట్టింది.

మరుసటి వారం ఆయన వంతు వచ్చింది. ఒక ముసలమ్మ తన ఇంటి ముందు నీళ్లు పడ్డ సంతోషంలో ఆయనను కూర్చోబెట్టి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆయన రెండు తిని వద్దన్నాడు. ఆమె మూడోది వేసింది. ఆయన వద్దు వద్దంటూ చేయి అడ్డం పెట్టాడు. ఆమె చేయి పక్కకు తోసి నాలుగోది వేసింది. దారిలో జీపు ఆపించి, కడుపు పట్టుకుని నా మీద మండిపడ్డాడు.

"నేను వద్దని మూడుసార్లు చెప్పాను. ఆమెకు వినపడదా?" అన్నాడు ఇంగ్లిష్‌లో.

"వినపడింది. మొదటి వద్దు మర్యాదకు. రెండోది మొహమాటానికి. మూడోదాన్ని కొంచెం నమ్మొచ్చు" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మా దగ్గర మొదటి వద్దే చివరిది. వద్దన్న మనిషిని మళ్లీ అడిగితే, నీ మనసు నీకు తెలియదు అని అవమానించినట్టు. ముఖ్యంగా ఆడమనిషిని మగవాడు రెండోసారి అడగకూడదు. మా అమ్మ నాకు చిన్నప్పటి నుంచి అదే నేర్పింది."

"అయితే మీ దేశంలో అందరూ పస్తులే" అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత నాకు చాయ్ కావాలంటే "కావాలి" అని చెప్పడం నేర్చుకున్నాను. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. జీపు డ్రైవరు నా వైపు అదోలా చూశాడు. చాయ్ విషయంలో నేర్చుకున్నాను సరే, అన్ని విషయాల్లోనూ నేర్చుకున్నానని అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఆయన తన మనసులో మాట చెప్పింది బోరు మిషను పక్కన, మిట్టమధ్యాహ్నం. మా సినిమాల్లో అయితే ఎవరూ లేని చోటు చూసుకుంటారు. ఆయనకు ఆ ఆలోచనే లేదు. మిషను చెవులు పగిలేలా మోగుతోంది, చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఆయన నా దగ్గరికి వచ్చి ఇంగ్లిష్‌లో గట్టిగా అరిచాడు: "నువ్వంటే నాకు ఇష్టం. నేనంటే నీకు ఇష్టమేనా, తెలుసుకోవాలని ఉంది." ఆ రెండో వాక్యం సగంలో ఉండగా, ఏం పుట్టిందో, మిషను టక్కున ఆగిపోయింది. మిగిలిన సగం ఊరంతటి మధ్య చక్కగా వినపడింది. అక్కడ ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా నా చేతులు ఆ ఎండలో నీళ్లలో ముంచినట్టు చల్లబడ్డాయి. ఒక్కొక్క మొహమూ వెతికాను, ఎవరికైనా అర్థమైందేమోనని.

తల వంచుకుని నిలబడ్డాను. వారం తర్వాత మా అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు ఒక చిన్న సీసాలో తీసుకెళ్లి ఇచ్చాను. నా లెక్కలో అదే జవాబు, దానికంటే గట్టిగా ఏ ఆడపిల్ల చెబుతుంది? ఆయన "థాంక్యూ" అని సీసా లారీలో పెట్టుకుని, మొహం వేలాడేసుకుని తిరిగాడు. చివరికి ఆ సీసా ఖాలా కంట పడింది. "పిచ్చి బేటా, ఆ పిల్ల ఇంట్లకెల్లి తొక్కు దెచ్చి ఇచ్చింది. ఇంకేం గావాలె నీకు, డప్పు గొట్టాల్నా?" అందట. మర్నాడు ఆయన మొహం చూస్తే నాకు సంతోషం వేసింది, వెంటనే దాని రెట్టింపు భయం వేసింది. అంత వెలిగిపోయే మొహాన్ని ఎక్కడ దాచాలి?

భయం ఎందుకో చెప్పాలి. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇల్లు నడిపింది మా అన్న. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద, బస్టాండులో టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర పని. మెదక్‌లోకి ఎవరు వచ్చినా, మెదక్ నుంచి ఎవరు పోయినా అన్న కళ్లముందే. ఏ ఊరి కబురైనా సాయంత్రానికి ఆ కిటికీకి చేరేది. నా పెళ్లి అయ్యాకే తను చేసుకుంటానని కూర్చున్నాడు. నన్ను ఉద్యోగానికి పంపినందుకు చుట్టాలందరూ ఆడిపోసుకుంటే, "నా చెల్లె మీద నాకు భరోసా ఉన్నది" అని వాళ్ల నోళ్లు మూయించాడు. ఒకసారి ఎవడో నన్ను చూసి ఈల వేస్తే, వాడి సైకిల్ చక్రాల చువ్వలన్నీ ఒక్కొక్కటే వంచేసి వచ్చాడు.

మా వీధిలోనే ఇంకో పిల్ల ఉండేది, నాతో పదో తరగతి చదివింది. వేరే కులపు అబ్బాయితో సినిమాహాల్లో ఎవరో చూశారు. వారంలో ఆ పిల్ల వీధిలో లేదు. రేగోడ్ అవతల ఏదో ఊళ్లో మేనత్త దగ్గర ఉందన్నారు, పెళ్లి చేశారన్నారు. నేను ఆమెను మళ్లీ చూడలేదు. వాళ్లమ్మ మాత్రం వాకిలి ఊడుస్తూ కనపడేది, ఎవరి కళ్లలోకీ చూసేది కాదు. వేరే కులానికే అంత అయితే, వేరే దేశానికి, వేరే మతానికి, వేరే రంగుకు ఏమవుతుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ఇదంతా ఆయనకు చెబితే అర్థమయ్యేది కాదు. మా ఇద్దరి మధ్య నిజమైన తేడా అక్కడే ఉండేది. ఆయన దేశంలో ఇష్టపడ్డవాళ్లు వీధిలో చేయి పట్టుకుని నడుస్తారట. పక్కింటివాళ్లు ఎదురైతే పలకరిస్తారట. ఆయన చెల్లెలు తను మెచ్చిన అబ్బాయిని ఇంటికి తెచ్చి భోజనం బల్ల దగ్గర కూర్చోబెడితే, తండ్రి వాడికి వడ్డించాడట. నేను నోరు తెరుచుకుని విన్నాను. "నువ్వు నన్ను దాస్తున్నావు. నేనంటే సిగ్గా?" అని అడిగేవాడు. నేను నీ కోసం ఇంత భయపడుతున్నాను కదా, అదే నా ఇష్టం అని చెప్పాలని ఉండేది. ఆ మాట ఇంగ్లిష్‌లో నాకు రాలేదు. తెలుగులో వచ్చినా అనేదాన్ని కాదు.

ఒక్కసారి మాత్రం ఆయనతో కలిసి ఖిల్లా ఎక్కాను, అదీ ఖాలాను తోడు తీసుకుని. ఆమె రెండు మలుపులు ఎక్కి, "మోకాళ్లు పోయినయి బిడ్డా, మీరు పోయి రాండ్రి" అని రాయి మీద కూలబడింది. కావాలనే కూలబడిందని నాకు తెలుసు. పైన మెట్లు నిటారుగా ఉన్నచోట ఆయన చేయి చాచాడు. నేను పట్టుకోలేదు. కింద మెదక్ అంతా పరిచినట్టు కనపడుతోంది. ఆ ఇళ్లలో నా కళ్లు బస్టాండు రేకుల కప్పును వెతికి పట్టుకున్నాయి. అంత దూరం నుంచి అన్నకు నేను కనపడనని తెలుసు. అయినా ఆ కప్పు వైపు చూస్తూ, రెండు చేతులూ కొంగులో దాచుకుని, పక్క గోడకు భుజం ఆనించుకుంటూ ఎక్కాను. ఆయన చాచిన చేయి అలాగే కాసేపు ఉంచి, జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ చాచలేదు.

ఇంతలో రేగోడ్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు. వచ్చే వారం చూడటానికి వస్తామన్నారు. అమ్మ ఇల్లు అలికించడం మొదలుపెట్టింది. అదే వారంలో బోరు మిషనును ఇంకో జిల్లాకు పంపమని కాగితం వచ్చింది. రెండు భయాలూ ఒకేసారి వచ్చాయి. నేను ఖాలా ఇంటికి గాజుల వంక పెట్టుకుని వెళ్లి, ఆయనకు రెండూ చెప్పాను.

"మీ ఇంటికి వచ్చి అడుగుతాను" అన్నాడు వెంటనే.

"చంపుతారు."

"ఎవరు? మీ అమ్మ?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి.

చాలాసేపు వాదించుకున్నాం. ఆయన వినలేదు. దొంగచాటుగా అడిగితే అది అడగడమే కాదన్నాడు. నీ వాళ్ల ముందే అడుగుతాను, అయితే నీకు ఇష్టం లేని మాట ముందుగా వాళ్ల దగ్గర ఎందుకు ఎత్తాలి, మొదట నిన్నే అడుగుతాను అన్నాడు. దానికి దారి చూపింది ఖాలా. పరాయి మగవాడు ఆడపిల్ల చేయి పట్టుకున్నా ఎవరూ ఏమీ అనని పని ఈ లోకంలో ఒక్కటే ఉంది, గాజులు వేయడం. బజారులో మా అమ్మ కూడా మగవాళ్ల చేతనే వేయించుకునేది. ఆయన అప్పటికే సరదాకి ఖాలా దగ్గర గాజులు ఎక్కించడం నేర్చుకున్నాడు. ఆమె చేతికి వేసి తీసి, వేసి తీసి, రెండు డజన్లు పగలగొట్టాడట.

"ఖాలాతో వస్తాను. మీ వాళ్ల ముందు 'వేయనా?' అని అడుగుతాను. అదే నా ప్రశ్న. నువ్వు చేయి ఇస్తే, అప్పుడే అక్కడే మీ అమ్మకు అంతా చెబుతాను. వద్దంటే లేచి వెళ్లిపోతాను. ఒక్కసారే అడుగుతాను, నీకు తెలుసు" అన్నాడు.

నాకు తెలుసు. ఆ మాట ఇక్కడ గట్టిగా రాయాలి. నాకు బాగా తెలుసు. "బుధవారం పన్నెండింటికి రండి, అన్న డ్యూటీలో ఉంటాడు" అని నా నోటితోనే చెప్పాను. అమ్మ ముందు చేయి ఇవ్వగలననే అనుకున్నాను. ఇంటికి వచ్చి గోడకు ఎదురుగా నిలబడి చేయి చాచి చూసుకున్నాను కూడా.

బుధవారం అమ్మ చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఖాలా గంప దించుకుని వచ్చింది, ఆమె వెనక ఆయన, తెల్ల చొక్కా వేసుకుని. గడప దగ్గర వంగి, పొడవాటి లేసుల బూట్లు విప్పుకుని లోపలికి వచ్చాడు. అమ్మ గాభరాగా లేచి చెంగు సర్దుకుంది.

"ఏం లేదమ్మా, మా కిరాయి సారు. మన దిక్కు గాజులెట్లేస్తరో నేర్సుకున్నడు. మీ బిడ్డకు ఏసి జూపెడ్తడంట. వాళ్ల అమ్మకు జాబు రాస్తడంట" అంది ఖాలా.

అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గింత పెద్ద మిషన్లు నడిపే సారుకు గాజుల సోకెందుకమ్మా! కూసోండ్రి సారూ, కూసోండ్రి" అని కుర్చీ చూపించింది. ఆయన కుర్చీలో కాకుండా నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. కాగితం పొట్లం విప్పాడు. ఆకుపచ్చ గాజులు, మీద సన్నటి పసుపు చుక్కలు. నేను చేతులు ఒడిలో పెట్టుకుని ఉన్నాను. ఇంకొక్క క్షణంలో ఇస్తాను.

అప్పుడు సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినపడింది. అన్న లోపలికి వచ్చి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి బుధవారం మధ్యాహ్నం అన్న ఇంటికి రావడం నేను చూడలేదు. "ఏం నడుస్తుందే?" అన్నాడు. అమ్మ చెప్పింది. ఆయన అన్నకు నమస్కారం పెట్టాడు. అన్న తలూపాడు. నాకు ఇల్లంతా దూరంగా జరిగిపోయింది. వంచేసిన సైకిల్ చువ్వలు కనపడ్డాయి. వాకిలి ఊడుస్తూ తల ఎత్తని ఆ తల్లి కనపడింది. నా చేతులు నావి కావు.

ఆయన నా కళ్లలోకి చూసి అడిగాడు, "వేయనా?"

"వద్దు" అన్నాను.

ఎలా వచ్చిందో చెబుతాను. అన్న ముందు ఒక్క మాటకే చేయి చాస్తే ఏమనుకుంటాడు? ఒకసారి వద్దంటాను, అమ్మ బతిమాలుతుంది, ఖాలా కసురుతుంది, ఆయన మళ్లీ అడుగుతాడు, అప్పుడు అందరు ఆడపిల్లల్లాగే విసుక్కుంటూ చేయి చాస్తాను, ఎవరికీ అనుమానం రాదు. పుట్టినప్పటి నుంచి మా ఇళ్లలో గాజులైనా, కొత్త బట్టలైనా, రెండో రొట్టె అయినా అలాగే కదా తీసుకున్నాం. భయం పట్టుకున్నప్పుడు నేను అందులోనే వెళ్లి దాక్కున్నాను. ఆయన ఒక్కసారే అడుగుతాడని అన్నీ తెలిసి దాక్కున్నాను.

నేను అనుకున్నట్టే అంతా జరిగింది.

"గట్లనే అంటది సారూ, దాని మాటేంది. మీరు ఎయ్యుండ్రి" అంది అమ్మ.

"ఎయ్ బేటా, చేయి పట్టుకో" అంది ఖాలా.

తలుపు దగ్గరి నుంచి అన్న, "ఏస్కోరాదే. ఆయన అడుగుతుండు గద" అన్నాడు.

ముగ్గురూ అన్నారు. నేను ఎవరి భయంతో వద్దన్నానో అతను కూడా అన్నాడు. అడగాల్సిన మనిషి ఒక్కడే అడగలేదు. ఆయన నా మొహం వైపు చూస్తూ, ఖాలా నేర్పిన తెలుగులో, "లేదమ్మా. ఆమె వద్దన్నది" అన్నాడు. గాజులు ఒక్కొక్కటే కాగితంలో పెట్టి చుట్టాడు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగాడు. లేచాడు.

గడప దగ్గర వంగి బూట్లు వేసుకున్నాడు. ఆ లేసులు చాలా పొడుగు. కుడి బూటు ముడి వేశాడు. ఎడమది వేశాడు. కుడిది సరిగా రాలేదేమో, విప్పి మళ్లీ వేశాడు. అంతసేపూ నేను చాప మీద కూర్చునే ఉన్నాను. ఒక్క మాట చాలు. "వేయండి" అంటే చాలు, రెండు క్షణాల పని. నా నాలుక కదలలేదు. ఆయన నిలబడి అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. "ఏం మనిషే, గీ మాత్రం దానికి గుస్సయిండు" అంది అమ్మ, మళ్లీ బియ్యం చేట ఒళ్లోకి తీసుకుంటూ.

శనివారం సాయంత్రం అన్న డ్యూటీ దిగి వచ్చి, నేను బావి దగ్గర గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడ్డాడు.

"బోరింగు సారు పొద్దుగాల బస్సుకు పొయ్యిండు. టికెట్ నేనే ఇచ్చిన" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

"ఆదివారం నా కిటికీ కాడికి వచ్చిండు. నీ చెల్లెను ఒక మాట అడుగుత, నువ్వు లేనప్పుడు అడిగితే దొంగతనమైతది, నువ్వు గూడ ఉండాలె అన్నడు. బుధవారం అని చెప్పిండు."

నా చేతిలోంచి చెంబు జారి రాళ్ల మీద పడింది.

"ముందు కాలర్ పట్టుకుందామనుకున్న. అబద్ధమెందుకు చెల్లె, చెయ్యి లేసింది గూడ. మల్ల, మొగోడు ముంగటికొచ్చి అడిగిండు గద, ఇది ఏమంటదో జూద్దమని ఊకున్న. నేను ఒప్పుకున్ననని గాదు. నువ్వు వద్దంటివి. నా పానం నిమ్మళమైంది."

"మరి వేసుకోరాదే అని ఎందుకన్నావన్నా?" అన్నాను.

అన్న వంగి చెంబు అందుకున్నాడు. "నీ మొకం జూసిన. జూస్తే నాకు భయమైంది. గంత భయం నా చెల్లెకు ఎవరు వెట్టిన్రు, నేనేనా అనిపిచ్చింది. అందుకే అన్న" అని, చెంబు నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. అన్నకు కూడా భయం వేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా బతుకు వేరుగా ఉండేదా? ఏమో. నా మీద నాకున్న కోపంలో సగం అన్న మీదకు తోయాలని చాలా ఏళ్లు చూశాను, ఆ సాయంత్రం మాటలు తోయనివ్వలేదు.

మర్నాడు ఖాలా గంపతో వచ్చింది. రేగోడ్ వాళ్లు మంగళవారం వస్తున్నారని, చేతులు బోసిగా ఉండకూడదని అమ్మే పిలిపించింది. ఖాలా నా ఎదురుగా కూర్చుని గంప అడుగు నుంచి కాగితం పొట్లం తీసింది. అవే గాజులు.

"నాకు ఇయ్యమన్నడా?" అని చిన్నగా అడిగాను.

"లేదు బిడ్డా. గంపల పెట్టి పొయ్యిండు. ఇచ్చుడు గూడ రెండోసారి అడిగినట్టే అయితదంట. ఆమె వద్దన్నది, అడగొద్దు అన్నడు. నేనే తెచ్చిన" అంది. తర్వాత అమ్మకు వినపడేలా, "ఎయ్యనా మరి..." అని ఇంకా పూర్తి చేయలేదు.

"వెయ్యి" అన్నాను. రెండు చేతులూ చాచాను.

బియ్యం డబ్బా దగ్గర నుంచి అమ్మ వెనక్కి తిరిగి చూసి నవ్వింది. "ఏందే, గియ్యాల వద్దనలేదు?"

ఖాలా నా వేళ్లు నొక్కి, ఒక్కొక్క గాజూ ఎక్కిస్తోంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. గాజు గీసుకుందేమో అని అమ్మ కొబ్బరినూనె తేవడానికి లోపలికి వెళ్లింది.